గునుగు కూరలో బలమెంత? సాగు చేయని ఆకుకూరల లెక్కలు, చిక్కులు

తొలకరి పడి పది రోజులైతే చాలు, చేలగట్ల మీద కూరలు మొలుస్తాయి, ఫోన్లలో ఫార్వర్డులు మొలుస్తాయి. "పాలకూర కన్నా పాతిక రెట్లు ఐరన్", "పాల కన్నా పదిహేడు రెట్లు కాల్షియం", "చేపలు మానేయండి, గంగవాయిలి తినండి". ఇలాంటి ఆకుల గురించే పాత సామెత ఇంకోలా చెబుతుంది: బతికుంటే బలుసాకు తిని బతకొచ్చు. అంటే అది ఏ దిక్కూ లేనివాడి ఆఖరి తిండి. నిన్నటిదాకా లేమికి గుర్తుగా ఉన్న ఆకు ఇవాళ సూపర్‌ఫుడ్ ఎలా అయింది? అంత గొప్పదైతే దాన్ని తిన్నవాళ్లకు రక్తహీనత ఎందుకు వచ్చింది? అంత పనికిమాలినదైతే పోషకాహార శాస్త్రవేత్తలు దాని వెంట ఎందుకు పడ్డారు?

ముందు ఆ "రెట్లు" ఎక్కడినుంచి వచ్చాయో చూస్తే మిగతా చిక్కులు ఒక్కొక్కటే విడిపోతాయి.

"అడవి కూర" అంటే అడవిలోదేనా?

ఎక్కువసార్లు కాదు. పోషకాహార పరిశోధకులు వీటిని "సాగు చేయని ఆహారం" అంటారు, ఆ మాటే సరైనది. ఎవరూ విత్తనం వేయరు, నీళ్లు పెట్టరు, ఎరువు చల్లరు. అవే మొలుస్తాయి. కొన్ని నిజంగానే అడవివి: తునికి పండ్లు, మొర్రి పండ్లు, ఇప్పపువ్వు, అడవి దుంపలు. కొన్ని చెరువుగట్టువి, కాలువ పక్కవి, పొన్నగంటి అలాంటిది. ఎక్కువ భాగం మాత్రం మన చేలలోని కలుపు మొక్కలే. గునుగు, తుమ్మి, చెంచలి, గంగవాయిలి, గలిజేరు, తగిరిస, అడవి తోటకూర రకాలు.

మా పెద్దమ్మది జహీరాబాద్ పక్కన ఊరు. ఆమె కలుపు తీయడానికి పోతే నడుముకు ఒడి కట్టుకునేది. చేతికి వచ్చిన మొక్కల్లో కొన్ని గట్టు మీదికి, కొన్ని ఒడిలోకి. మాకు అన్నీ ఒకేలా కనిపించేవి. "గిది గునుగు, గది దొగ్గలి. గునుగు పువ్వు రాకముందే తెంపాలె, ముదిరితె పీసుపీసైతది" అనేది. ఆషాఢంలో కూరగా తిన్న ఆ గునుగే వానలు వెనకబట్టేసరికి తెల్లటి, గులాబీ రంగు కంకులు వేస్తుంది. అప్పుడిక తినరు, బతుకమ్మలో పేరుస్తారు. తుమ్మికూరకూ అలాగే ఒక రోజుంది. తెలంగాణలో వినాయక చవితినాడు అది వండాల్సిందే, ఆ ఒక్క రోజు హైదరాబాద్‌లో చిన్న కట్టకు కూడా గట్టి ధర పలుకుతుంది.

ఇక్కడ వృక్షశాస్త్రం చెప్పే ఒక సంగతి లెక్కలన్నిటికీ పనికొస్తుంది. గునుగు, చెంచలి, పొన్నగంటి, అడవి తోటకూర, ఇంటి తోటకూర, ఇవన్నీ ఒకే కుటుంబం, అమరాంథేసీ. పాలకూరను కూడా ఇప్పుడు శాస్త్రవేత్తలు ఈ కుటుంబంలోనే కలిపారు. గట్టు మీద మొలిచినంత మాత్రాన గునుగు ఏదో వేరే లోకపు మొక్క అయిపోదు, తోటకూరకు పినతండ్రి బిడ్డ లాంటిది. బలాలూ బలహీనతలూ రెండూ ఇంటిపేరుతోపాటే వస్తాయి.

పేర్ల గొడవ కూడా తక్కువేం లేదు. గలిజేరు అని రెండు వేర్వేరు మొక్కల్ని పిలుస్తారు. గంగవాయిలి, పాయలకూర, గంగపాయల కూర మాత్రం మూడూ ఒక్కటే. అందుకే ఫలానా కూరలో ఇంత కాల్షియం ఉందని ఎవరైనా అన్నప్పుడు, వాళ్లు ఏ మొక్కను కొలిచారన్నది మొదటి ప్రశ్న.

పుస్తకంలో 25.5 ఉన్న ఐరన్ 3.49 ఎలా అయింది

మన దేశంలో తిండి లెక్కలకు పెద్ద దిక్కు హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా పుట్టి, 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. ఏ పదార్థంలో ఏ పోషకం ఎంతుందో చెప్పే పట్టికను ఆ సంస్థ కూనూరులో ఉన్నప్పుడే, 1937లో, మొదటిసారి అచ్చువేశారు. ఆ తర్వాత పోషకాహార శాస్త్రవేత్త గోపాలన్ బృందం దాన్ని పెంచి పుస్తకం చేసింది. తరాల తరబడి డైటీషియన్లు, నర్సులు, అంగన్‌వాడీ శిక్షకులు ఆ పుస్తకం చూసే పాఠాలు చెప్పారు.

పాత ముద్రణల్లో 100 గ్రాముల తోటకూరకు ఐరన్ 25.5 మిల్లీగ్రాములు. తర్వాత సవరించిన ముద్రణలో అదే గడిలో 3.49. దాదాపు ఏడో వంతుకు పడిపోయింది. 2017లో వచ్చిన భారత ఆహార పదార్థాల పోషక పట్టికలు దేశాన్ని ఆరు ప్రాంతాలుగా విడదీసి, నమూనాలు తెచ్చి, 528 పదార్థాలను కొత్తగా కొలిచాయి. వాటిలో పచ్చ తోటకూరకు సుమారు 4.6.

తోటకూర మారలేదు, కొలత మారింది. పాత రసాయన పద్ధతులు ఒక కారణం. ఆకుకు అంటుకున్న మట్టి రెండోది. ఒక్కసారి లెక్క వేసి చూడండి. 3 శాతం ఐరన్ ఉన్న మట్టి అనుకుందాం, మన ఎర్ర నేలలకు అది ఎక్కువేమీ కాదు. వంద గ్రాముల ఆకుకు అరగ్రాము మట్టి, అంటే చిటికెడు, అంటుకుని ఉన్నా 15 మిల్లీగ్రాముల ఐరన్ అదనంగా చేరిపోతుంది. అది ఆకుదిగా పట్టికలో పడుతుంది. మట్టిలోని ఐరన్ ఒంటికి పట్టేది బహుస్వల్పం. గట్టు మీద, నేలబారున పాకే కూరలకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, సందులన్నీ దుమ్ముతో నిండి ఉంటాయి. సాగు చేయని కూరల మీద ఏ అధ్యయనంలోనైనా ఐరన్ అంకె ఆశ్చర్యపోయేంత పెద్దగా కనిపిస్తే, కడిగారా, ఎలా కడిగారు అని అడగడం అతి అనుమానం అనిపించుకోదు.

ఇంటి లెక్కలోకి వద్దాం. నలుగురున్న ఇంట్లో రెండు కట్టలు వండితే, కాడలు పోగా, మనిషికి 50 గ్రాముల పచ్చి ఆకు పడుతుందనుకుందాం. పాత పుస్తకం ప్రకారం ఐరన్ 12.75 మిల్లీగ్రాములు, కొత్త పట్టిక ప్రకారం 2.3. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020 సిఫార్సు ప్రకారం గర్భం లేని వయోజన స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలి. మొదటి లెక్కలో ఒక పూట కూర సగానికి దగ్గరగా తీర్చేస్తుంది. రెండో లెక్కలో పన్నెండో వంతు. "రోజూ తోటకూర తిను, రక్తం పడుతుంది" అన్న సలహా పుట్టింది మొదటి లెక్కలోంచి. మన ఒళ్లు నడుస్తున్నది రెండో లెక్క మీద.

నీళ్లు తీసేస్తే పెరిగే బలం

ఫార్వర్డుల్లో "రెట్లు" పుట్టే ఇంకో చోటు ఇది. పచ్చి ఆకులో నూటికి ఎనభై, తొంభై పాళ్లు నీళ్లే. ఎరువూ నీరూ దండిగా తాగి పెరిగిన ఆకులో 92 గ్రాముల నీళ్లుంటే, మిగిలిన సరుకు 8 గ్రాములు. బీడులో ఎండకు ఓర్చి పెరిగిన ఆకులో 84 గ్రాముల నీళ్లుంటే సరుకు 16 గ్రాములు. రెండిట్లో సరుకు నాణ్యత ఒకటే అయినా, వంద గ్రాములకు కొలిస్తే బీడు ఆకుకు అన్ని పోషకాలూ రెట్టింపు కనిపిస్తాయి. ఇది అబద్ధం కాదు, మీ కంచంలోకి నిజంగానే ఎక్కువ సరుకు వచ్చింది. కాకపోతే అందులో మహిమ ఏమీ లేదు, నీళ్లు తక్కువ, అంతే.

ఎండబెట్టి పొడి చేసినదాన్ని పచ్చివాటితో పోల్చడం మాత్రం పచ్చి మోసం. "పాల కన్నా పదిహేడు రెట్లు" అన్న మునగాకు పొడి లెక్క సరిగ్గా అదే. వంద గ్రాముల ఎండు పొడిలో సుమారు 2000 మిల్లీగ్రాముల కాల్షియం, వంద మిల్లీలీటర్ల పాలలో 118. భాగిస్తే పదిహేడు వస్తుంది, సరే. వంద గ్రాముల మునగాకు పొడి తినేవాడెవడు? చెంచాడు పొడి మూడు గ్రాములు, అందులో 60 మిల్లీగ్రాములు. గ్లాసుడు పాలలో 236. పదిహేడు రెట్లన్నది గ్లాసులోకి వచ్చేసరికి పాలలో నాలుగో వంతయింది. మునగాకు మంచిది కాదని దీని అర్థం కాదు. పచ్చి మునగాకులో వంద గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంది, ఆకుకూరల్లో అది గట్టి అంకె. ఆ అంకెనే చెప్పుకుంటే సరిపోయేది.

ఆకులో ఉన్నది వేరు, ఒంటికి పట్టేది వేరు

ఇప్పటిదాకా చూసింది ఆకులో ఎంతుందన్న లెక్క. అసలు చిక్కు దాని తర్వాత వస్తుంది.

అమరాంథేసీ కుటుంబం ఆకుల్లో ఆక్సలేట్లు ఎక్కువ. ఇవి కాల్షియాన్ని పట్టుకుని, కరగని ఉప్పుగా మార్చి, పేగుల్లోంచి అలాగే బయటికి పంపేస్తాయి. 1988లో అమెరికాలో రాబర్ట్ హీనీ, కోనీ వీవర్ బృందం పాలకూరలోని కాల్షియాన్ని గుర్తుపట్టేలా చేసి మనుషులకు పెట్టి కొలిచింది. ఒంటికి పట్టింది 5 శాతం. అదే మనుషుల్లో పాల నుంచి 27 శాతం. వంద గ్రాముల పాలకూరలో 82 మిల్లీగ్రాములుంటే ఒంటికి చేరేది 4. గ్లాసుడు పాలలోని 236లో చేరేది 64. అలాగని ఆకులన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. క్యాబేజీ కుటుంబానికి చెందిన కేల్ ఆకు మీద అదే బృందం 1990లో కొలిస్తే 40 శాతం దాకా పట్టింది, పాల కన్నా ఎక్కువ. గునుగు, చెంచలి, పొన్నగంటి మాత్రం పాలకూర వైపు చుట్టాలు. గంగవాయిలి కుటుంబం వేరే అయినా ఆక్సలేట్ల దగ్గర అదీ తక్కువ తినలేదు. కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లున్నవాళ్లకు డాక్టర్లు ఈ కూరలు తగ్గించమనేది అందుకే.

ఉడకబెట్టి నీళ్లు వంచేస్తే? పనిచేస్తుంది. కరిగే రకం ఆక్సలేట్లలో, కూరను బట్టి, 30 నుంచి 87 శాతం దాకా ఆ నీళ్లలోకి దిగిపోతాయని కొలిచినవాళ్లున్నారు. కానీ అదే నీళ్లతో విటమిన్ సి, ఫోలేట్ అనే బి విటమిన్ కూడా పోతాయి. విటమిన్ సి పోతే ఐరన్ పట్టడం తగ్గుతుంది. కాల్షియం కోసం వంచితే ఐరన్‌కు దెబ్బ, ఐరన్ కోసం ఉంచితే కాల్షియానికి దెబ్బ. "సరైన వండే పద్ధతి" అని ఒక్కటే చెప్పేవాళ్లు ఈ ముడిని దాటేసి పోతున్నారన్నమాట.

పొన్నగంటి కథ ఇంకో తీరు. "పోయిన కంటి కూర" అన్న మాటే పొన్నగంటి అయిందని జనం చెప్పుకుంటారు. ఆ వ్యుత్పత్తి సంగతి భాషావేత్తలకు వదిలేద్దాం. ముదురాకుపచ్చ ఆకుల్లో బీటా కెరోటిన్ ఉంటుంది, ఒళ్లు దాన్ని విటమిన్ ఎ చేసుకుంటుంది, విటమిన్ ఎ లేకపోతే రేచీకటి వస్తుంది. ఈ మేరకు జనం మాటలో పస ఉంది. పోయిన చూపును తేవడం మాత్రం దాని చేతిలో లేదు. ఆకులోని కెరోటిన్ ఒంటికి పట్టే తీరు మీద కూడా 1995లో పెద్ద చర్చ లేచింది. ఇండోనేషియాలోని పశ్చిమ జావాలో పాలిచ్చే తల్లులకు పన్నెండు వారాలు ముదురాకుపచ్చ కూరలు పెట్టి చూస్తే విటమిన్ ఎ స్థాయి పెద్దగా పెరగలేదు. అంతే కెరోటిన్ కలిపిన బిస్కెట్ లాంటిది తిన్నవాళ్లకు పెరిగింది. ఆకు కణాల్లో చిక్కుకున్న కెరోటిన్ అంత తేలిగ్గా బయటపడదని తేలింది. ఆ తర్వాత 2001లో అమెరికా నిపుణులు లెక్కనే మార్చారు: ఒక భాగం విటమిన్ ఎ కావాలంటే ఆరు భాగాల బీటా కెరోటిన్ చాలని అంతకుముందు అనుకునేవారు, ఇప్పుడు పన్నెండు కావాలన్నారు.

కెరోటిన్‌కు కొవ్వు తోడుండాలి. నూనె లేని ఉడకబెట్టిన ఆకు కన్నా, వెల్లుల్లి, ఎండుమిర్చి పోపు పడిన కూర నుంచి అది ఒంటికి మెరుగ్గా పడుతుంది. ఈ ఒక్క విషయంలో మన వంటింటి అలవాటు శాస్త్రానికి ముందే ఉంది.

గంగవాయిలిలో చేపనూనె ఉందా?

ఉన్నది ఒమేగా-3 అనే కొవ్వుల కుటుంబానికి చెందిన ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం. ఆర్టెమిస్ సిమోపౌలోస్ అనే శాస్త్రవేత్త 1986లో దీన్ని వైద్యలోకం దృష్టికి తెచ్చారు. తాజా ఆకు వంద గ్రాములకు 300 నుంచి 400 మిల్లీగ్రాములు. ఆకుకూరల్లో ఇది నిజంగానే అరుదైన విషయం. అయితే వయోజన స్త్రీకి రోజుకు 1100 మిల్లీగ్రాములు, పురుషుడికి 1600 కావాలంటారు. ఒక చెంచా అవిసెగింజల పొడిలో 600 దాకా ఉంటుంది. పైగా చేపల్లో ఉండే ఈపీఏ, డీహెచ్ఏ అనేవి ఒమేగా-3లోనే వేరే రకాలు. ఆకులోని రకాన్ని ఒళ్లు వాటిగా మార్చుకునేది చాలా కొద్దిగా. గంగవాయిలి పప్పు కమ్మగా ఉంటుంది, పుల్లపుల్లగా, కాస్త జిగటగా. చేపల పులుసుకు బదులు మాత్రం కాదు.

ఎవరి వాదన ఏమిటి

సాగు చేయని కూరలే మేలన్నవాళ్ల దగ్గర గట్టి వాదనే ఉంది. అమెరికాలో 1950, 1999 నాటి ప్రభుత్వ పట్టికలను పక్కపక్కన పెట్టి 43 తోట పంటలను పోల్చిన 2004 నాటి అధ్యయనం ఒకటుంది. ప్రొటీన్, కాల్షియం, ఐరన్, విటమిన్ సి సహా ఆరు పోషకాలు తగ్గాయని తేల్చింది. దిగుబడి కోసం రకాలను ఎంచుకుంటూ పోతే ఆకు పెద్దదవుతుంది, సరుకు పలచబడుతుంది అన్నది వాళ్ల వివరణ. ఎవరూ దిగుబడి కోసం ఎంచని గునుగుకు ఆ పలచబడడం లేదు. ఎదుటి పక్షం మాట: యాభై ఏళ్ల తేడాలో కొలిచే పద్ధతులు మారాయి, నమూనాలు మారాయి. మన తోటకూర ఐరన్ పడిపోయింది తోటకూర వల్ల కాదని ఇప్పుడే చూశాం కదా, అక్కడా అలాంటిది కొంత ఉండదా? న్యాయమైన ప్రశ్నే.

డాక్టర్ల పక్షం ఇంకా సూటిగా మాట్లాడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. హిమోగ్లోబిన్ ఏడు ఉన్న గర్భిణికి కూర తిను అని చెప్పి పంపితే నేరం, ఐరన్ మాత్రలో ఉన్న మోతాదు ఏ ఆకులోనూ రాదు. ఈ మాటను కాదనడానికి లేదు.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో ఉన్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా రైతులు ఏళ్లుగా చెబుతున్నది మాత్రం ఈ రెండు వాదనలకూ పక్కనుంచి వస్తుంది. వాళ్లు ఒక్క ఆకులో ఎంతుందని అడగరు, కంచంలో ఎన్ని రకాలున్నాయని అడుగుతారు. జొన్న, కంది, పెసర కలిపి వేసిన చేనులో కలుపుతోపాటు నాలుగైదు రకాల కూర దొరుకుతుంది. కొనక్కర్లేదు, వానాకాలంలో పాత గింజలు అడుగంటే రోజుల్లోనే అది మొలుస్తుంది. కూలికి పోయే ఇంట్లో ఆకుకూర కొనే డబ్బు లేని వారాల్లో, ఉన్న ప్రత్యామ్నాయం మాత్ర కాదు, గొడ్డుకారం. 2.3 మిల్లీగ్రాములను 29తో పోల్చితే చిన్న అంకె, సున్నాతో పోల్చితే కాదు. నాకు ఈ చర్చ అంతటిలో బరువైన మాట ఇదే అనిపిస్తుంది. అయితే అందులో ఒక షరతు దాగుంది. చేనంతా పత్తి అయినప్పుడు, కలుపు కూలికి బదులు కలుపు మందు వచ్చినప్పుడు, ఆ ఉచితపు కూర మొదట పోతుంది.

ఏది కోశారు, ఎక్కడ కోశారు

తగిరిస లేతాకు వానాకాలపు కూర. దాని దగ్గరి చుట్టం కసివింద గింజలు పిల్లల ప్రాణాలు తీయగలవు. మన సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఒడిశాలోని మల్కన్‌గిరిలో 2016లో వంద మంది దాకా పిల్లలు చనిపోయారు. మెదడువాపు వ్యాధి ఒక కారణం. డాక్టర్ జాకబ్ జాన్ నేతృత్వంలోని నిపుణుల బృందం మాత్రం, అక్కడ బన చకుండా అనే ఈ మొక్క గింజల్లోని ఆంత్రాక్వినోన్ విషాన్ని కూడా వేలెత్తి చూపింది. అడవి దుంపల్లో కొన్నిటిని ముక్కలు కోసి, ఉడికించి, పారే నీళ్లలో నానబెట్టాకే కొండల్లో తింటారు. ఆ వరస తెలియనివాళ్లు దుంప తవ్వితే నాలుక, గొంతు మండడంతో ఆగితే అదృష్టం.

పట్నంలో బెడద వేరు. పొన్నగంటి తేమ ఉన్నచోటల్లా అల్లుకుంటుంది, మురుగు కాలువ గట్టయినా సరే. మురుగునీటిలోని సీసం, కాడ్మియం లాంటి లోహాలను ఆకు పీల్చుకుంటుంది, ఎంత కడిగినా అవి పోవు. చేలలో కలుపు మందు కొట్టిన నాలుగు రోజులకు కూడా కొన్ని మొక్కలు పచ్చగానే నిలబడి ఉంటాయి. చూసి చెప్పడం ఎవరి తరం కాదు.

మొన్న చవితి ముందురోజు మా ఇంటి దగ్గర సంతలో ఒకామె గోనె మీద తుమ్మికూర కుప్ప పోసుకుని కూర్చుంది. ఎక్కడిదని అడిగాను. "మక్కచేన్లది బిడ్డా." మందు కొట్టారా అన్నాను. ఆమె కట్ట చేతిలోకి తీసుకుని ఆకు వెనక్కి తిప్పి చూపించింది, పురుగు తిన్న బెజ్జాలు నాలుగు. "కొడితె గివి ఉంటయా?" పురుగు మందుకైతే ఆ సాక్ష్యం చెల్లుతుంది. నేనడిగింది కలుపు మందు గురించి. మళ్లీ అడిగితే, "గట్టు మీదియి తెంపిన, నడిమిట్ల పోలె" అంది. రెండు కట్టలు తీసుకున్నాను.